చెన్నైలో పాత యుద్ధాల ఆనవాళ్లను చూడవలసిన తీరు

ఉద్యోగం కోసం చెన్నై చేరిన తెలుగువారు చాలామంది బీచ్ స్టేషన్ మీదుగా రోజూ ప్రయాణిస్తూ కూడా, ఆ చుట్టుపక్కల మిగిలిన యుద్ధపు గుర్తులను గమనించరు. ఒకనాటి సాయంత్రం ఎండ తగ్గాక బయలుదేరి, ముందుగా హైకోర్టు ప్రహరీ గోడ వద్ద ఆగండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ రేవులోని చమురు ట్యాంకులను తగలబెట్టిన దాడిని తెలిపే ఫలకం అక్కడ ఉంది. గడుసువాణ్ణి తమిళులు నేటికీ ‘ఎమ్డన్’ అనడం ఆ రాత్రి నుంచి వచ్చినదే.

అక్కడి నుంచి బర్మా బజారుకు నడవండి. నా దృష్టిలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఇదే. బర్మా నుంచి తరలివచ్చిన వారికి బతుకుతెరువుగా 1969లో ఈ అంగళ్లు ఏర్పడ్డాయి. అంతకుముందే, 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన కొండలు, అడవులు దాటి వచ్చిన లక్షలాది భారతీయులలో మన తెలుగు కూలీలు ఎందరో ఉన్నారు. అక్కడ బండి వద్ద అత్తో అనే బర్మా నూడుల్స్ తింటూ, రద్దీ లేని వేళ చూసి, “మీ పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారండీ?” అని మీకు వచ్చిన తమిళంలోనే అడగండి. పోయినవారి గురించి వారంతట వారే చెబితే వినండి. మీరు తవ్వి అడగవద్దు, ఫొటో కోసం ఫోను పైకెత్తవద్దు. మీ ఇంట్లో రంగూన్ వెళ్లిన తాతగారు ఉంటే ఆ సంగతి చెప్పండి, మాట కలుస్తుంది.

నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికను మరో ఉదయానికి ఉంచుకోండి.