ప్రపోజల్ సీన్ తేలిపోతోందా? ముందు రెండు ఎపిసోడ్లు వెనక్కి వెళ్లండి

సీరియల్ బాగా నడుస్తుంటుంది. పాఠకులు తరువాయి భాగం ఎప్పుడని అడుగుతుంటారు. తీరా పెళ్లి చేసుకుందామని అడిగే సీన్ వచ్చేసరికి చప్పబడిపోతుంది. వెంటనే రచయితలు డైలాగులు తిరగరాస్తారు, తర్వాత వెన్నెల తెస్తారు, ఆ తర్వాత వాన కురిపిస్తారు. ఇలాంటి సీన్లు చాలా సరిచేశాను కాబట్టి చెబుతున్నా, ఇవన్నీ చేసే ముందు ఒక్క చెక్ చేయండి. ఆమె "వద్దు" అంటే కథ ఎటు పోతుందో రెండు లైన్లలో రాయండి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి వారాల తరబడి డైలాగులతో కుస్తీ పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆ రెండు లైన్లు రాయలేకపోయారా? అయితే సీన్‌ను ముట్టుకోకండి. లోపం వెనక ఉంది.

లక్షణం: డైలాగులు బాగున్నాయి, టెన్షన్ లేదు

ఎక్కువ మందిని ముంచేది ఇదే, తొందరగా దొరకనిదీ ఇదే. కారణం ప్రపోజల్‌కు రెండు మూడు ఎపిసోడ్ల ముందు, ఒంటరిగా కూర్చున్న హీరోయిన్ ఆలోచనల్లో ఉంటుంది. "నా మెడలో తాళి కడితే అతనే కట్టాలి" అని మనసులో అనేసుకుంటుంది. ఆ ఎపిసోడ్‌కు మంచి కామెంట్లు కూడా వస్తాయి, అందుకే మీకు అనుమానం రాదు. కానీ జవాబు అక్కడే చెప్పేశారు. తర్వాత అతను వచ్చి ఎంత గొప్పగా అడిగినా పాఠకులకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఒక ఎపిసోడ్ అతని వైపు నుంచి, ఇంకోటి ఆమె వైపు నుంచి రాసే కథల్లో ఈ లీకు మరీ ఎక్కువ.

ఆమె ఆలోచనలు మొత్తం కొట్టేయక్కర్లేదు. ప్రేమ ఉందని తెలియనివ్వండి, పెళ్లి సంగతి మాత్రం తేల్చకండి. ఎవరి ఊళ్లో కాపురం, ఆమె జీతంతో నడుస్తున్న తమ్ముడి చదువు ఏం కావాలి, ఒక్కగానొక్క కొడుకు అమ్మానాన్నల్ని ఎక్కడ ఉంచాలి... పెళ్లి మాట వస్తే అడ్డుపడేవి ఇవే.

1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడండి. హీరోయిన్ ఎలిజబెత్ ఒప్పుకుంటుందన్న ధీమాతోనే హీరో డార్సీ మొదటిసారి అడుగుతాడు. ఆమె కాదంటుంది. అక్క జేన్ సంబంధం చెడగొట్టింది అతనేనని ఆమెకు అంతకు ముందు అధ్యాయంలోనే తెలిసింది. అంటే ఆ సీన్‌కు కావలసిన మందుగుండు ఆస్టిన్ ముందే కూరిపెట్టింది.

మన కథలో ఎలాగంటే, తెనాలిలో టైలరింగ్ షాపు నడిపే లలిత, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మురళి అనుకుందాం. లలిత నాన్నకు పక్షవాతం, చక్రాల కుర్చీలోనే ఉంటారు. మొదటి డ్రాఫ్టులో మురళి "నా జీవితంలోకి వస్తావా?" అంటాడు, ఆమె కళ్లు తుడుచుకుని తలూపుతుంది. నాన్న ఊసే లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆమె మనసులో మాటను ఇలా మార్చండి: "అడక్కుండా ఉంటే బాగుండు. అడిగితే కాదనాలి." ప్రేమ తెలుస్తూనే ఉంది, జవాబు మీద భయమూ పుట్టింది. షాపు మూసే వేళకు మురళి వస్తాడు.

"కింద పోర్షన్ ఒకటి చూశానండి. మెట్లు లేవు."

లలిత మిషన్ ఆపలేదు. "రెండో అంతస్తులో బాగానే ఉన్నారుగా?"

"మామయ్యగారికి కష్టం కదా."

మిషన్ ఆగింది. చాలాసేపటికి అడిగింది, "బాత్రూమ్ తలుపు వెడల్పెంత?"

అన్నాళ్లూ ఆయన్ను "మాస్టారూ" అని పిలిచినవాడు మామయ్యగారు అన్నాడు, అదే ప్రపోజల్. ఇది పండాలంటే ఏదో పెళ్లిలో ఆయన్ను మెట్లెక్కించలేక గుమ్మం దగ్గర్నుంచే ఇంటికి తెచ్చేసిన ఘట్టం ముందే ఉండాలి. మురళి అది చూసి ఉండాలి. అది లేకపోతే ఈ మాటలు గాల్లోంచి ఊడిపడినట్టుంటాయి.

లక్షణం: పాఠకులకు హీరో మీద కోపం వచ్చింది

ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని, బంధువులందరి ముందూ అడిగించి ఉంటారు. ఆమెకు కాదనే దారి మూసేశారు. ఆడపాఠకులు దీన్ని వెంటనే పట్టేస్తారు, వాళ్ల కోపం న్యాయమే. జనాన్ని పక్కకు పంపండి, లేదా ఆమెతో అక్కడే నిజంగా కాదనిపించండి. రెండోది రాయడం కష్టం, కానీ చాలా బాగుంటుంది.

లక్షణం: డబ్బింగ్ సినిమాలా ఉంది

మోకాలి మీద కూర్చోవడం, ఉంగరం డబ్బా తెరవడం తీసేయండి. అతనికి రోజూ అలవాటైన పనిలోంచి అడిగించండి. అమెరికాలో పెరిగిన కుర్రాడైతే ఉంగరం ఉండనివ్వొచ్చు.

మిగతావి అరుదు. ఆషాఢంలో ముహూర్తం పెట్టేస్తే నెల మార్చుకోండి, అంతే. "రేపే రిజిస్టర్ మ్యారేజ్" అని రాసేవాళ్లు మాత్రం చూసుకోవాలి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది. ఇద్దరూ హిందువులై, గుళ్లో పెళ్లి చేసుకుని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే ఆ నోటీసు అక్కర్లేదు. ఏ దారో ఒక్క లైన్లో చెప్పి ముందుకెళ్లండి.