పిక్కల సీజన్‌కు ముందే డైరెక్టర్ల లెక్క తేల్చుకోండి

పలాస-కాశీబుగ్గలో కొత్త జీడిపిక్కలు దిగే రోజులూ, కంపెనీల కొత్త ఆర్థిక సంవత్సరమూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. అందరి టెన్షనూ పిక్కల ధర మీదే. ఈలోగా ఒక డైరెక్టరు పక్క వీధిలో భార్య పేరున మరో యూనిట్ తెరిచి, మన దగ్గర సరుకు కొనే పార్టీలకే పప్పు పంపడం మొదలుపెడితే? ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్న కుటుంబాలు పిక్కలు కొనకముందే ఈ సంగతి చూసుకోవాలి.

ఏడాదిలో మొదటి బోర్డు మీటింగులో ప్రతి డైరెక్టరూ తనకు వేరే ఏ కంపెనీలో, ఏ ఫర్మ్‌లో వాటా ఉందో ఎంబీపీ-1 ఫారంలో రాసివ్వాలి. కంపెనీల చట్టం, 2013లోని 184వ సెక్షన్ అడిగేది అదే. ఆడిటరు తెచ్చిన కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టేసి, టీ తాగి లేచిపోవడం మనవాళ్లకు అలవాటు. ఈసారి చదివించి పెట్టించండి. ఇంటివాళ్ల పేరున ఉన్న వ్యాపారం ఆ ఫారంలోకి రాకపోవచ్చు. అది విడిగా అడిగి మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ఎక్కించండి. ఎందుకంటే 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు తనకే కాదు, బంధువులకు అనుచిత లాభం చేకూర్చినట్టు తేలినా అంత సొమ్మూ కంపెనీకి కట్టాలి. లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా కూడా ఉంది.

డైరెక్టరు పోటీ వ్యాపారం పెట్టనే కూడదని ఆ చట్టంలో సూటిగా ఎక్కడా లేదు. కాబట్టి పదవిలో ఉన్నంతకాలం పెట్టనన్న షరతు ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ సొంత నియమావళిలో, చేర్చుకోండి. వెళ్లిపోయాక కూడా పెట్టకూడదని రాయించుకుంటే మాత్రం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవడం కష్టం.

పోటీ వ్యాపారం ఇప్పటికే మొదలైపోయిందా? వాట్సాప్ గ్రూపులో తిట్టుకోవద్దు. సరుకు రవాణాకు తీసిన ఈ-వే బిల్లులు, పార్టీలతో నడిచిన మెయిళ్లు ముందు భద్రం చేయండి. కనీసం 14 రోజుల ముందు ప్రత్యేక నోటీసిచ్చి, ఆ డైరెక్టరు మాట కూడా విని, వాటాదారుల సాధారణ తీర్మానంతో (సగానికి మించిన ఓట్లతో) పదవి నుంచి తీసేయవచ్చు. తీసేసినంత మాత్రాన డబ్బు వెనక్కి రాదు, అందుకు కంపెనీ తరఫున దావా వేయాలి. బావా బావమరుదులకు చెరిసగం వాటా ఉంటే అసలు ఆ తీర్మానమే నెగ్గదు. అప్పుడు కంపెనీ తగాదాలు విచారించే ట్రిబ్యునల్, ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్ ఉంది. 10 శాతం వాటా ఉన్నవాళ్లు కంపెనీల చట్టం 241వ సెక్షన్ కింద అక్కడికి వెళ్లవచ్చు.

మీది భాగస్వామ్య ఫర్మ్ అయితే దారి వేరు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామి తన పోటీ వ్యాపారంలో వచ్చిన లాభం ఫర్మ్‌కే అప్పగించాలి, డీడ్‌లో (భాగస్వాముల ఒప్పంద పత్రంలో) మరోలా రాసుకోకపోతే. ఆ డీడ్ ఓసారి బయటికి తీసి చూడండి.