జనవరిలో కొట్టి జులైలో కాల్చడం: పెరటి బాయిలర్‌కు కట్టెలు సిద్ధం చేసుకునే పద్ధతి

బెంగళూరు శివార్లలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు కొన్ని మేడ మీద సోలార్ హీటరు ఉన్నా పెరట్లో కట్టెల బాయిలర్‌ను కూడా ఉంచుకుంటున్నాయి. వానాకాలంలో రోజుల తరబడి మబ్బు పట్టి ఉండే ఈ ఊళ్ళో సోలార్ నీళ్ళు గోరువెచ్చదనం దాటవు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. అటువంటి రోజుల్లో ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ముసలివాళ్ళకూ పసిపిల్లలకూ, స్నానానికి సరిపడా వేడినీళ్ళు ఇచ్చేది నడిమధ్య పొగగొట్టం, కింద ఇనుప చువ్వల జల్లెడ, చుట్టూ నీళ్ళు ఉండే ఆ రాగి బాయిలరే. చలిదేశాల్లో ఇదే ఏర్పాటును చాలా పెద్దదిగా చేసి, ఇంటికి దూరంగా నిలిపి, వేడెక్కిన నీటిని భూమిలో పాతిన గొట్టాల ద్వారా లోపలికి పంపి గదులన్నిటినీ వెచ్చబరుస్తారు. పరిమాణం ఏదైనా ఇటువంటి బాయిలర్ పనితనం దాని రాగి మందం కంటే అందులో వేసే కట్టె మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ కట్టెను అవసరానికి ఆరు నెలల ముందే కోసి, చీల్చి, ఆరబెట్టి ఉంచుకోవాలి. జులైలో కాల్చవలసిన కట్టెకు పని జనవరిలో మొదలు కావాలి.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సుమారు సగం నీరే ఉంటుంది. ఒక కిలో నీటిని వేడెక్కించి ఆవిరి చేయడానికి దాదాపు 2.6 మెగాజౌళ్ళ వేడి ఖర్చవుతుంది, ఆ వేడి పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. బాగా ఆరి 20 శాతం నీరు మాత్రమే మిగిలిన కట్టె కిలోకు 14, 15 మెగాజౌళ్ళ వేడినిస్తే, సగం నీరున్న కట్టె 8 మెగాజౌళ్ళకు మించి ఇవ్వదు. 60 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 10 మెగాజౌళ్ళు కావాలి. మంటలోని వేడిలో నాలుగో వంతు నీటికి చేరుతుందనుకుంటే, ఎండు కట్టె మూడు కిలోల లోపే సరిపోతుంది. పచ్చి కట్టె అయిదు కిలోలైనా పడుతుంది. అదీ మంట ఒకే తీరుగా ఉంటుందనుకున్నప్పుడు మాత్రమే. నిజానికి పచ్చి కట్టె మంటను చల్లబరచి, సగం కాలిన పొగను పుట్టిస్తుంది. ఆ పొగ గొట్టం లోపలి గోడలకు తారులాంటి నల్లటి జిగురుగా పేరుకుంటుంది, మిగిలినది పక్కింటి కిటికీలోకి పోతుంది. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఈ నగరంలో పక్కవారిని ఇబ్బంది పెట్టకుండా కట్టెల బాయిలర్ వాడుకోవాలంటే ఎండు కట్టె తప్ప మరో మార్గం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

కట్టె సంపాదించే దారులు ఇక్కడ కొన్ని ఉన్నాయి. ఊరి అంచుల్లోని సౌదె (కట్టెల) డిపోల్లోనూ సామిల్లుల్లోనూ తూకానికి అమ్ముతారు; పచ్చి కట్టెను తూకానికి కొనడమంటే సగం డబ్బు నీటికి ఇచ్చినట్లే కాబట్టి, కొనేముందు దుంగ కొనలను చూసి, చేత్తో బరువు చూసి బేరమాడాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు తురాయి, నిద్రగన్నేరు వంటి చెట్ల పెద్ద పెద్ద కొమ్మలు వీధుల్లో విరిగి పడుతుంటాయి. వాటిని ఎవరికి వారు నరికి తీసుకుపోకూడదు. నగరపాలక సిబ్బందిని అడిగి తీసుకోవాలి. కొమ్మ కరెంటు తీగల మీద పడి ఉంటే దాని దరిదాపులకు పోకుండా 1912కు ఫోన్ చేసి కరెంటు సంస్థ బెస్కాం వారికి చెప్పాలి. సొంత పెరట్లోని చెట్టు విషయంలోనూ 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా నరకడం కుదరదు. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్ వంటి కొన్ని జాతులకు చట్టంలో మినహాయింపు ఉన్నప్పటికీ, ముందుగా అడిగి తెలుసుకున్న తరువాతే గొడ్డలి పట్టడం మంచిది.

చెట్టును బట్టి కట్టె గుణం మారుతుంది. సరుగుడు బరువైనది, నిటారుగా చీలుతుంది, మంట ఎక్కువసేపు నిలుస్తుంది. దొరికితే దానిని మించినది లేదు. సిల్వర్ ఓక్ తేలికగా చీలి తొందరగా ఆరుతుంది. నీలగిరి మంచి వేడినిస్తుంది గాని దాని నార మెలికలు తిరిగి ఉంటుంది, ఎండిన తరువాత గొడ్డలికి లొంగదు. కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి తీరాలి. చింత మొద్దు చేవ పట్టి ఇనుములా ఉంటుంది, దాని నిప్పులు గంటల తరబడి చల్లారవు; అయితే చీల్చడానికి గొడ్డలి ఒక్కటే చాలదు, సమ్మెట, లావుపాటి ఇనుప మేకులు కావాలి. తురాయి చులకనగా ఉండి గబగబా కాలిపోతుంది, పైగా చెదలు త్వరగా పడతాయి కాబట్టి దానిని ఎక్కువకాలం నిల్వ ఉంచకూడదు. మునగ కట్టెను మోసిన శ్రమ కూడా దక్కదు. గన్నేరు కట్టెను మాత్రం ఏ పరిస్థితిలోనూ కాల్చరాదు, దాని పొగ కూడా విషమే.

రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, మందు పట్టించిన కలప, రైలు పట్టాల కింద వాడిన పాత దిమ్మెలు బాయిలర్‌లో వేయకూడదు. వాటి రంగులు, జిగుర్లు, మందులు కాలినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది, ఆ బూడిద మొక్కలకూ పనికిరాదు. పీణ్య, బొమ్మసంద్ర వంటి పారిశ్రామిక వాడల నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కలు ఎండుగా, చవకగా ఉంటాయి. విదేశాల నుంచి వచ్చిన వాటి మీద ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టీ. అని ఉంటే వేడి చేసి శుద్ధి చేసినదని అర్థం, అది కాల్చుకోవచ్చు, ఎం.బీ. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినదని అర్థం, దానిని విడిచిపెట్టాలి.

ఇక కోత. మొదట బాయిలర్ మంటగది లోతును కొలిచి, దానికంటే రెండు అంగుళాలు తక్కువగా ఒక కర్రను కోసి కొలతబద్దగా పెట్టుకోవాలి. ప్రతి దుంగ మీదా ఆ బద్ద ఆనించి సుద్దముక్కతో గీతలు గీసిన తరువాతే రంపం ఆడించాలి, కంటి అంచనాకు కోస్తే ప్రతి పదింటిలో రెండు మూడు ముక్కలు తలుపు మూతపడనివ్వవు. తలుపు సగం తెరిచి కాల్చడమంటే గాలి అదుపు తప్పినట్లే. పొట్టి ముక్కలకు మరో లాభం ఉంది. చెట్టులో నీరు ప్రవహించేది నార వెంబడి కాబట్టి, ఆరేటప్పుడు కూడా అది పక్కల నుంచి కంటే కొనల నుంచి ఎన్నో రెట్లు వేగంగా బయటికి పోతుంది. ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత త్వరగా ఆరుతుంది.

ఆరు అంగుళాల లోపు మందానికి విల్లు రంపం చాలు. అంతకు మించిన దుంగలకు చైన్ సా అద్దెకు తెచ్చుకునే బదులు, దానిని రోజూ వాడే మనిషినే కూలికి పిలిపించడం మేలు. స్వయంగా వాడదలచినవారు హెల్మెట్, కళ్ళద్దాలు, చెవులకు మూతలు, కాళ్ళకు రక్షణ తొడుగు లేకుండా దానిని స్టార్ట్ చేయకూడదు, భుజం ఎత్తుకు మించి లేపకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు అసలే వాడకూడదు. దాని కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో ముఖం మీదికి ఎగురుతుంది. చేతి రంపమైనా, చైన్ సా అయినా దుంగ ఎక్కడ ఆని ఉందో చూసుకుని కోయాలి. రెండు కొనలూ ఆని మధ్య భాగం గాలిలో ఉంటే పై వైపు నొక్కుకుని ఉంటుంది కాబట్టి, పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందినుంచి కోయాలి. ఒక కొన మాత్రమే ఆని రెండోది వేలాడుతుంటే ముందు కిందినుంచి, ఆ తరువాత పైనుంచి కోయాలి. ఇలా చేస్తే రంపం ఇరుక్కోదు, చెక్క చీలి మీదికి రాదు.

చీల్చడంలో బలం కంటే చూపు ముఖ్యం. అడుగు ఎత్తున్న వెడల్పాటి మొద్దును మట్టి నేల మీద కదలకుండా పెట్టాలి, సిమెంటు నేల మీద పెట్టి కొడితే దెబ్బ సగం చేతుల్లోకే తిరిగి వస్తుంది. దాని మీద పాత కారు టైరు ఒకటి బిగించి ముక్కను అందులో నిలబెడితే, చీలిన చెక్కలు ఎగిరిపోకుండా అక్కడే ఉంటాయి, ప్రతి దెబ్బకూ వంగి ఏరుకునే పని తప్పుతుంది. కొట్టేముందు గొడ్డలి కామ తలలో వదులుగా ఉందేమో చూడాలి. వదులుగా ఉంటే నీళ్ళలో నానబెట్టడం ఆ పూటకే, ఎండగానే మళ్ళీ వదులవుతుంది, కాబట్టి కొత్త మేకు దిగ్గొట్టి బిగించాలి. కాళ్ళకు బూట్లు, కళ్ళకు అద్దాలు ఉండాలి. భుజం మీద తువ్వాలు, కాళ్ళకు అడ్డుపడే పంచె, లుంగీ పనికిరావు. పిల్లలను, కుక్కను పదిహేను అడుగుల దూరంలో ఉంచాలి.

ముక్క పై కొనను పరీక్షగా చూస్తే నడిమి నుంచి అంచుకు సన్నని నెర్రెలు కనిపిస్తాయి. చెట్టు తానే చూపించే దారి అది; ఆ నెర్రె వెంబడి, కొమ్మ మొలిచిన ముడికి దూరంగా దెబ్బ పడాలి. చేతులు చాచినప్పుడు గొడ్డలి వాదర ముక్క మధ్యలో ఆనేటంత దూరంలో, పాదాలు భుజాల వెడల్పున ఎడంగా ఉంచి నిలబడి, గొడ్డలిని నెత్తి మీదికి లేపి, దిగేటప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంచాలి. మోకాళ్ళు వంచడం వల్ల గురి తప్పినా గొడ్డలి మొద్దులో దిగుతుంది గాని మోకాటి కిందికి రాదు. లావు దుంగను నడిమికి కొట్టి రెండు చేయాలనుకోవడం వృథా ప్రయాస. అంచుల నుంచి చుట్టూరా పలకలుగా చీలుస్తూ లోపలికి వస్తే ఎంత పెద్దదైనా లొంగుతుంది. ముడి ఉన్న ముక్కతో పోరాడకుండా పక్కన పెట్టి, చివరలో మేకులతో చీల్చాలి లేదా చలికాలంలో రాత్రి నిప్పు నిలపడానికి అలాగే ఉంచుకోవాలి. ఇంటి బాయిలర్‌కు ముంజేతి మందం చాలు. వాటితో పాటు బొటనవేలి మందపు పుల్లలు ఒక బుట్టెడు, రాజేయడానికి గొడ్డలి కింద రాలిన చితుకులు ఒక బుట్టెడు విడిగా తీసి ఉంచుకోవాలి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఇక్కడి గాలి ఏడాది మొత్తంలో అన్నిటికంటే పొడిగా ఉంటుంది, ఆ మూడు నెలలను పోగొట్టుకోకూడదు. కట్టెలను నేల మీద కాకుండా ఇటుకల మీదో, బండల మీదో అర అడుగు ఎత్తున, ఇంటి గోడకు ఆనకుండా జానెడు ఎడంతో, ఒక వరుస వెనుక మరో వరుస బిగించకుండా పేర్చాలి. కోసిన కొనలు గాలి వచ్చే వైపు ఉండాలి. పైన రేకు కప్పి పక్కలు పూర్తిగా తెరిచి ఉంచాలి. టార్పాలిన్ నిలువునా చుట్టబెట్టడం ఇక్కడ చాలా ఇళ్ళలో కనిపించే పొరపాటు. నీరు లోపలే చిక్కుకుని కట్టె బూజు పడుతుంది. మే నెలాఖరుకు సగం కట్టెలను వాన జల్లు తగలని చోటికి మార్చాలి, ఎందుకంటే ఇక్కడ నైరుతి వానలు ముగిసీ ముగియకముందే అక్టోబరులో ఈశాన్య వానలు అందుకుంటాయి. కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టాలి, తేళ్ళు, జెర్రులు, అప్పుడప్పుడు పాములు కూడా అక్కడ చేరతాయి.

కట్టె ఆరిందో లేదో తెలుసుకోవడానికి పెద్దవాళ్ళు రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి చూసేవారు; ఎండినది ఖణేలుమంటుంది, పచ్చిది దబ్బుమని ఊరుకుంటుంది. ఇది నమ్మదగిన పరీక్షే. ఇంకా కచ్చితంగా కావాలంటే వరుస మధ్యలోని రెండు మూడు ముక్కలను వంటింటి తూకం మీద తూచి, బరువును, తేదీని సుద్దతో వాటి మీదే రాసి, వారానికోసారి తూస్తూ ఉండాలి. బరువు తగ్గడం ఆగిపోయినప్పుడు అది ఇక్కడి గాలిలో ఆరగలిగినంతా ఆరినట్లు. తేమ కొలిచే సూదుల మీటరు ఉంటే, ముక్కను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద సూదులు గుచ్చాలి, పైపై బెరడు మీద కాదు. ఈ పరీక్షలేవీ చేయనివారికి మంటే చెబుతుంది: కొనల వద్ద నురుగు బుడబుడలాడుతూ సుయ్‌మంటే ఆ కుప్పను మరో రెండు నెలలు ముట్టకూడదు.

మంట పెట్టేముందు బాయిలర్ నిండా నీళ్ళు ఉన్నాయని, ఆవిరి పోయే పై గొట్టం తెరిచి ఉందని తప్పక చూడాలి; ఆ గొట్టానికి ఎప్పుడూ బిరడా గాని, కుళాయి గాని బిగించకూడదు. జల్లెడ కింది బూడిద తీసేసి, చితుకులు, కొబ్బరి పీచు వేసి రాజేసి, పుల్లలు అందుకున్న తరువాతే కట్టెలు వేయాలి. కిరసనాయిలు, ప్లాస్టిక్ సంచులు వద్దు. ఒకేసారి కుక్కి గాలి బిగబట్టకుండా, కొద్ది కట్టెతో చురుకైన మంట నడిపితే అయిదు పది నిమిషాల్లో పొగ దాదాపు కనిపించకుండా పోతుంది. వారానికోసారి నడిమి గొట్టంలోని మసిని ఇనుప బ్రష్‌తో గీకాలి. బాయిలర్‌ను బయటే ఉంచాలి, తలుపు మూసిన స్నానాల గదిలో నిప్పు ఉంటే కంటికీ ముక్కుకూ తెలియని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. తీసిన బూడిదలో నిప్పురవ్వలు మరునాటి దాకా కూడా దాగి ఉండగలవు కాబట్టి, దానిని మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, కట్టెల వరుసకు దూరంగా రెండు రోజులు ఉంచి, ఆ తరువాతే మొక్కల పాదుల్లో చల్లాలి.