కాళ్లకు అంటిన ఇసుక వదలాలంటే

సముద్రంలో ఆడి వచ్చిన పిల్లల కాళ్లకు అంటిన ఇసుక ఎంత దులిపినా వదలదు, కారు సీట్ల నుంచి పడక దాకా చేరుతుంది. దీనికి కార్న్‌ఫ్లోర్ చక్కగా పనిచేస్తుంది. ముందు పొడి తువాలుతో నీటిని అద్దండి, రుద్దితే చర్మం గీరుకుపోతుంది. తర్వాత ఒక్కో కాలికి రెండు చెంచాల పిండి చల్లి, అరచేత్తో పైనుంచి కిందికి నిమరండి. వేళ్ల సందుల్లో, మోకాలి వెనక మడతలో కాస్త ఎక్కువే వేయాలి, మొండి ఇసుకంతా అక్కడే దాక్కుంటుంది. పిండి తడిని పీల్చుకోగానే రేణువులు జలజలా రాలిపోతాయి. డబ్బాను సంచిలో పైనే పెట్టుకోండి, అడుగున ఉంటే వెతికేలోపు పిల్లలు కారెక్కేస్తారు. కాళ్లు ఇంకా నీళ్లోడుతుండగా చల్లితే మాత్రం పిండి ముద్దకట్టి ఇసుకను మరింత పట్టేస్తుంది. అప్పుడిక కడగడం తప్ప దారి లేదు.