నాపరాయిపై ఒక్క అణువు మందపు పొర: స్టియరిక్ ఆమ్లంతో చేసే విధానం

కడప జిల్లాలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల, అటు తాడిపత్రిలోనూ బేతంచెర్లలోనూ బండల కోత యంత్రాల పక్కన పడేసిన నాపరాయి ముక్కలు గుట్టలుగా ఉంటాయి. అలాంటి ముక్క ఒకటి తెచ్చి శుభ్రం చేసి నీటి బొట్టు వేస్తే, అది వెంటనే పరుచుకొని రాయిని తడిపేస్తుంది. అదే ముక్కను స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కలిపిన ఆల్కహాలులో ఒక గంట ముంచి, తగిన రీతిలో కడిగి ఆరబెడితే, బొట్టు పరుచుకోకుండా పూసలా నిలబడుతుంది. రాయి రంగు మారదు, చేతికి జిడ్డు తగలదు, కంటికి ఏ తేడా కనిపించదు. ఈ మార్పుకు కారణమైన పొర మందం సుమారు 2.5 నానోమీటర్లు; అలాంటివి ముప్పై వేలు ఒకదానిపై ఒకటి పేర్చితే దాదాపు ఒక వెంట్రుక మందం అవుతుంది. డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో గానీ, గాలి బాగా ఆడే గదిలో పెద్దల పర్యవేక్షణలో గానీ దీన్ని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పొర రాయికి ఎందుకు అంటుకుంటుందో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాతి జాగ్రత్తలన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాకపోవడం, బకెట్టు అంచున తెల్లటి తెట్టు పేరుకుపోవడం మన ప్రాంతంలో తెలియని ఇల్లు లేదు. నీటిలోని కాల్షియం, సబ్బులోని కొవ్వు ఆమ్లాన్ని పట్టుకొని నీటిలో కరగని కాల్షియం స్టియరేటుగా మారడమే ఆ తెట్టు. నాపరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు కాబట్టి దాని ఉపరితలం నిండా అదే కాల్షియం ఉంది. స్టియరిక్ ఆమ్లపు అణువుకు ఒక చివర కార్బాక్సిల్ అనే తల, దాని వెనుక పదిహేడు కార్బన్ల పొడవైన తోక ఉంటాయి. తల రాతిలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, నీటిని ఒల్లని తోక బయటికి నిలుస్తుంది. బకెట్టు అంచున మనం విసుక్కునే తెట్టునే, ఇక్కడ ఒకే ఒక్క వరుసగా, క్రమంగా నాటుతున్నామన్నమాట.

అన్ని ఉపరితలాలకూ ఇదే అణువు పనికిరాదు. బంగారానికి గంధకం తలగా ఉన్న థయాల్ అణువులు, గాజుకూ గ్రానైటుకూ సిలికాన్ తలగా ఉన్న సిలేన్లు, అల్యూమినియానికి ఫాస్ఫోనిక్ ఆమ్లాలు పట్టుకుంటాయి. రాగి, కంచు వస్తువులు చిలుము పట్టకుండా పురావస్తు సంరక్షకులు బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడతారు. బండల దుకాణాల్లో రాతి సీలరు పేరుతో దొరికే సీసాల్లో చాలావాటిలో ఉండేది సిలేన్ జాతి రసాయనమే. అది సిలికా ఉన్న గ్రానైటుతో గట్టిగా బంధం కలుపుకుంటుంది గానీ నాపరాయితో అంత గట్టిగా కలుపుకోదు. గ్రానైటు మీద బాగా పనిచేసిన సీసా నాపబండ మీద నిరాశపరిస్తే, తప్పు పూసిన మనిషిది కాకపోవచ్చు.

కావలసినవి తక్కువే. మెరుగు పెట్టని, మైనం గానీ రెసిన్ గానీ పూయని కోత బండ ముక్కలు మూడు, ఒక్కొక్కటి సుమారు 5 సెంటీమీటర్ల చదరం; కొవ్వొత్తుల తయారీకి అమ్మే స్టియరిక్ ఆమ్లం; రసాయనాల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు అర లీటరు; పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) రెండు లీటర్లు; 400, 800 నంబర్ల నీటి ఎమెరీ కాగితాలు; మూత ఉన్న గాజు పాత్రలు; గ్రాములో వందో వంతు చూపే నగల త్రాసు. చేతులు కడుక్కునే శానిటైజరును ఆల్కహాలుకు బదులుగా వాడకూడదు, ఎందుకంటే దానిలో కలిపే గ్లిసరిన్ రాయి మీదే మిగిలిపోతుంది. కొవ్వొత్తుల స్టియరిక్ ఆమ్లంలో పామిటిక్ ఆమ్లం కూడా కలిసి ఉంటుంది గానీ, అది రెండు కార్బన్లు తక్కువైన తోబుట్టువే కాబట్టి ఈ పనికి అడ్డు రాదు.

ఇక అసలు శ్రమంతా శుభ్రం చేయడంలోనే ఉంది. ముక్కలను బ్యాటరీ నీళ్లతో తడుపుతూ ముందు 400, తర్వాత 800 కాగితంతో రుద్ది, పాత ఉపరితలాన్ని తీసేసి కొత్త రాతిని బయట పెట్టాలి. రాతి పిండి పోయేదాకా బ్యాటరీ నీళ్లతోనే కడగాలి. ఇక్కడ సబ్బును గానీ బోరు నీళ్లను గానీ దగ్గరికి రానివ్వకూడదు. మొదటిసారి నేను ఈ ప్రయోగం చేసినప్పుడు, పోల్చి చూడటానికి పక్కన పెట్టిన, ద్రావణంలో ముంచనే ముంచని ముక్క మీద కూడా నీళ్లు పూసల్లా నిలిచాయి. ముంచిన దానికీ ముంచని దానికీ తేడా లేకపోయేసరికి రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, రెండింటినీ నేను ఒంటి సబ్బుతో, కుళాయిలో వచ్చే బోరు నీళ్లతో కడిగాను, అంటే తెలియకుండానే రెండింటికీ కాల్షియం స్టియరేటు పూసేశాను. స్నానాల గదిలో వాడే యాసిడ్ కూడా పనికిరాదు. అది మురికిని కాక రాయినే బుసబుసమని కరిగించి ఉపరితలాన్ని గుంతలు చేస్తుంది.

శుభ్రమైందో లేదో నీళ్లే చెబుతాయి. కడిగిన ముక్కను నిలువుగా పట్టుకుంటే నీటి పొర ఎక్కడా చిట్లకుండా అర నిమిషం ఏకంగా నిలవాలి. ఎక్కడైనా పొర చీలి పొడి మచ్చ కనిపిస్తే అక్కడ జిడ్డు ఉన్నట్టే, మళ్లీ ఎమెరీ పట్టాల్సిందే. పరీక్ష నెగ్గిన ముక్కలను అంచులు మాత్రమే పట్టుకొని, ఆల్కహాలుతో ఒకసారి తొలిపి, ఓవెన్లో 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట ఆరబెట్టాలి. చల్లారిన వెంటనే తర్వాతి పనిలోకి దిగాలి, ఎందుకంటే శుభ్రమైన రాయి గాలిలోని నూనె ఆవిరిని కూడా పట్టుకుంటుంది. వంటింటి పక్కన తిరగమోత పెడుతుండగా ఈ పని పెట్టుకోవద్దు.

ద్రావణానికి 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో 0.28 గ్రాముల స్టియరిక్ ఆమ్లం వేయాలి. దీని గాఢత సుమారు 10 మిల్లీమోలార్. ఈ ఆల్కహాలు ఆవిరి గది ఉష్ణోగ్రత వద్దనే అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి, దీపం, అగరువత్తి ఏవీ ఆ గదిలో ఉండకూడదు. వేరే గదిలో నీళ్లు కాచి, గిన్నెతో తెచ్చి, ఆ వేడి నీళ్లలో గాజు పాత్రను పెట్టి, 40 నుంచి 45 డిగ్రీల దాకా వెచ్చచేస్తూ కలిపితే పలుకులు పూర్తిగా కరుగుతాయి. మే నెలలో కడపలో అయితే ఆ వేడి నీళ్ల అవసరం కూడా చాలాసార్లు ఉండదు, కానీ అదే వేడికి ఆల్కహాలు ఆవిరి కూడా ఎక్కువే అవుతుంది కాబట్టి మూత మరింత ముఖ్యం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. నిలబడిన స్టియరిక్ అణువు ఒక్కొక్కటి సుమారు 0.2 చదరపు నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ లెక్కన 25 చదరపు సెంటీమీటర్ల నున్నని ముఖాన్ని కప్పడానికి సుమారు ఆరు మైక్రోగ్రాములు చాలు. మనం పాత్రలో వేసింది దానికి నలభై వేల రెట్లకు పైమాటే. రాయి గరుకుదనాన్ని లెక్కలోకి తీసుకున్నా మిగులు అపారం. ఇలాంటి లెక్కలకు ఆధారమైన, నీటిపై తేలే నూనె పొరలను కొలిచే పద్ధతికి బాట వేసిన ఆగ్నెస్ పాకెల్స్ జర్మనీలో తన వంటింట్లోనే ఆ పని చేశారు. ఆమె రాసిన ఉత్తరాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ పంపగా 1891లో నేచర్ పత్రిక అచ్చువేసింది. అణువులు అక్కడ ఒకే వరుసలో నిలబడతాయని తర్వాత స్పష్టం చేసిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్ మ్యూర్‌కు ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడు ముక్కల్లో ఒకదాన్ని ద్రావణంలో, రెండోదాన్ని ఏమీ కలపని ఉత్త ఆల్కహాలులో ముంచి, మూడోదాన్ని ముంచకుండా శుభ్రమైన గాజు పాత్రలో మూసి పెట్టాలి. పరీక్షించే ముఖం పైకి ఉండేలా, గాలి బుడగలు అంటుకోకుండా ముంచి, మూత పెట్టి ఒక గంట వదిలేయాలి. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పడుతుందనుకోవడం పొరపాటు. ఆమ్లం రాయి నుంచి కాల్షియాన్ని లాగుతూ మందమైన సబ్బు పూతను పేర్చడం మొదలుపెడుతుంది. గంట తర్వాత తీసి, వెచ్చని కొత్త ఆల్కహాలులో మూడుసార్లు, ప్రతిసారీ పాత్ర మార్చి, అర నిమిషం చొప్పున ఆడించాలి. గుడ్డతో తుడవకూడదు. రాయిని పట్టుకున్న వరుస నిలుస్తుంది, దానిపై ఊరికే వాలిన మిగులు కరిగి పోతుంది. కడగడం ఎగ్గొట్టిన ముక్క మీద కూడా నీళ్లు పూసలా నిలుస్తాయి గానీ, అది పలుచని మైనపు పూతే తప్ప మనం కోరిన పొర కాదు. తర్వాత ముక్కను ఏటవాలుగా ఆనించి నీడలో ఆరబెట్టాలి.

ఫలితాన్ని కొలవడానికి స్పర్శకోణం, అంటే బొట్టు అంచు రాతితో నీటి లోపలి వైపు చేసే కోణం, చాలు. ఇన్సులిన్ సిరంజితో సుమారు 0.01 మిల్లీలీటరు బ్యాటరీ నీటి బొట్టు వేసి, ఫోను కెమెరాను రాయి మట్టానికి సమంగా దించి, వెనుక తెల్ల కాగితం పెట్టి పక్క నుంచి ఫోటో తీయాలి. బొట్టు ఎత్తును, అది రాయిని తాకే చోట ఉన్న వెడల్పులో సగంతో భాగిస్తే వచ్చేది స్పర్శకోణంలో సగానికి టాంజెంట్ విలువ. ఉదాహరణకు ఎత్తు 1.8 మిల్లీమీటర్లు, తాకే వెడల్పు 2.8 మిల్లీమీటర్లు అయితే కోణం సుమారు 104 డిగ్రీలు. బొట్టు నడుము బయటికి ఉబ్బి ఉన్నప్పుడు నడుము వెడల్పును కొలవడం విద్యార్థులు తరచుగా చేసే తప్పు. కనీసం ఐదు చోట్ల కొలవాలి, ఎందుకంటే నాపరాయిలో మట్టి, సిలికా కలిసిన చారలు ఉంటాయి, వాటిపై కార్బాక్సిల్ తల సరిగా పట్టుకోదు.

ముంచిన ముక్క మీద కోణం 90 డిగ్రీలు దాటి, మిగతా రెండింటి మీద బొట్టు పరుచుకుంటే పని కుదిరినట్టే. ఉత్త ఆల్కహాలు ముక్క మీద కూడా బొట్టు నిలిస్తే ఆల్కహాలులోనో పాత్రలోనో జిడ్డు ఉంది. తెల్లటి మసక కనిపిస్తే కడగడం చాలలేదు. బొట్టు మొదట నిలిచి కొన్ని నిమిషాల్లో ఇంకిపోతే పొరలో ఖాళీలున్నాయి. తామరాకు మీదలా బొట్టు దొర్లిపోవాలని మాత్రం ఆశించకూడదు. దానికి మైనంతో పాటు కంటికి కనిపించని గరుకుదనం కూడా కావాలి, నున్నని ఉపరితలంపై కేవలం రసాయనంతో 120 డిగ్రీలకు మించడం సాధ్యం కాదు.

ఈ పొరను వంటింటి బండ మీద వేయమని నేను సలహా ఇవ్వను. నిమ్మరసం, చింతపండు పులుసు నాపరాయిపై వేసే మచ్చను ఇది ఆపలేదు, బట్టల సోడా, పీచు రుద్దుడు తగిలితే అరిగిపోతుంది. అయితే ఇదే చర్య పెద్ద ఎత్తున ఉపయోగపడుతోంది: ప్లాస్టిక్‌లో కలిపే కాల్షియం కార్బొనేటు పొడికి స్టియరిక్ ఆమ్లాన్ని కొద్ది పాళ్లలో పట్టిస్తేనే ఆ పొడి ఉండకట్టకుండా సమంగా కలుస్తుంది.

మిగిలిన ద్రావణాన్ని సీసాలో గట్టిగా మూసి, రసాయనం పేరు, తేదీ రాసి, నిప్పుకూ ఎండకూ దూరంగా ఉంచితే మరో రెండు మూడు విడతలు వాడుకోవచ్చు. చలికాలంలో అడుగున పలుకులు కడితే వెచ్చ చేసి మళ్లీ కరిగించాలి. కాలువలో మాత్రం పారబోయకూడదు. పొర తీసేసి అదే రాయిని మళ్లీ వాడాలంటే 400 కాగితంతో రుద్దడం నుంచి మొదలుపెట్టాలి.