కార్ వాష్‌కు సీసీ కెమెరాలు – ఐదో పాఠం: కోటేషన్ చదవడం, డబ్బు చెల్లించడం

ఈ పాఠంలో కోటేషన్ల సంగతి మాత్రమే చెప్పాలనుకున్నాను. అయితే నాలుగో పాఠం చివర ఇచ్చిన హార్డ్ డిస్కు లెక్కను చేసి పంపినవారిలో ఎక్కువమంది ఒకే చోట తప్పారు. దాన్ని సరిదిద్దకుండా ముందుకు వెళితే, కోటేషన్‌లో రాసిన డిస్కు మీకు సరిపోతుందో లేదో మీరు తేల్చుకోలేరు. అందువల్ల ముందు ఆ లెక్కనే మళ్లీ చేద్దాం.

మన కార్ వాష్‌లో ఆరు కెమెరాలున్నాయి: గేటు దగ్గర ఒకటి, నీళ్లు కొట్టే రెండు బేలలో రెండు, వ్యాక్యూమ్, పాలిష్ చేసే షెడ్డులో ఒకటి, కౌంటర్ మీద ఒకటి, బయటికి వెళ్లే దారిలో ఒకటి. అన్నీ 2 మెగాపిక్సెల్ కెమెరాలు, వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తాయి. 30 రోజుల రికార్డింగు నిల్వ ఉండాలి. చాలామంది 2ను 86,400 సెకన్లతో గుణించి, ఒక్కో కెమెరాకు రోజుకు 172.8 గిగాబైట్లు అవుతాయనీ, మొత్తానికి 31 టెరాబైట్ల డిస్కు కావాలనీ రాశారు. మెగాబిట్టు వేరు, మెగాబైటు వేరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు అవుతుంది కాబట్టి 2 మెగాబిట్లంటే పావు మెగాబైటు మాత్రమే. దాన్ని 86,400తో గుణిస్తే 21,600 మెగాబైట్లు, అంటే రోజుకు 21.6 గిగాబైట్లు వస్తాయి. ఆరు కెమెరాలకు 129.6, ముప్పై రోజులకు 3,888 గిగాబైట్లు. 4 టెరాబైట్ల డిస్కు చాలు. ఎనిమిదితో భాగించే మెట్టు అందరికీ తెలిసినదే అనుకుని గత పాఠంలో వదిలేశాను. ఆ లోపం నాదే.

డిస్కు బిగించాక రికార్డర్ తెర మీద 3.63 టెరాబైట్లే కనిపిస్తున్నాయని, డీలర్ మోసం చేశాడేమోనని మరికొందరు అనుమానపడ్డారు. అందులో మోసమేమీ లేదు. డిస్కు తయారుచేసేవారు వెయ్యి లెక్కన కొలుస్తారు, రికార్డర్ 1,024 లెక్కన చూపిస్తుంది. డిస్కులో నిజంగా ఉన్న చోటు మాత్రం తగ్గలేదు. అసలు జాగ్రత్త వేరే చోట కావాలి. గేటు కెమెరాను నంబర్ ప్లేట్ల కోసం 4 మెగాపిక్సెల్‌కు పెంచి, సెకనుకు 4 మెగాబిట్లు పెట్టారనుకోండి. ఆ ఒక్క కెమెరాకే రోజుకు 43.2 గిగాబైట్లు అవుతాయి, మొత్తం 151.2కు చేరుతుంది, అదే 4 టెరాబైట్ల డిస్కు 26 రోజులకే నిండిపోయి పాత రికార్డింగు చెరిగిపోతుంది. నేనైతే 6 టెరాబైట్లే అడుగుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలను 30 రోజుల రికార్డింగు ఉంచమంది. మన కార్ వాష్ ఆ చట్టం కిందికి రాకపోయినా, బంపర్ మీద గీత పడిందని కస్టమర్ ఇరవై రోజుల తర్వాత వచ్చి అడిగిన సందర్భాలను చూశాను కనుక ఆ గడువే నాకూ కొలత.

కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతి పెట్టి డిస్కు ఆదా చేయవచ్చు కదా అని అడిగినవారికి ఒక మాట. నీళ్ల బేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీరు, నురగ కదులుతూనే ఉంటాయి. రాత్రి పూట కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు చేరే పురుగులూ, అక్కడ గూడు కట్టే సాలీడూ కదలికగానే నమోదవుతాయి. అందువల్ల ఆ ఆదా మీద ఆధారపడకండి.

ఇప్పుడు కోటేషన్‌కు వద్దాం. “ఆరు కెమెరాల సెట్టు, ఫిట్టింగుతో సహా ఇంత” అని గంపగుత్తగా రాసిన కాగితాన్ని తిప్పి పంపి, ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస రాయమనండి. కెమెరా వరుసలో మోడల్ నంబరు, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం కొత్త భద్రతా నిబంధనలు తప్పనిసరి చేసింది కాబట్టి, మూలపడిన పాత సరుకును మీకు అంటగట్టకుండా ఇది కాపాడుతుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. రికార్డర్ ఎనిమిది ఛానళ్లది, అంటే ఎనిమిది కెమెరాలు తగిలించగలిగేది కావాలి. డిస్కు నిఘా పనికోసం చేసినది కావాలి. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి ఆ రకానివే. కేబుల్ వరుసలో “క్యాట్6, పూర్తి రాగి” అని రాయించండి. అల్యూమినియం తీగకు రాగి పూత వేసిన కేబుల్ చవకగా వస్తుంది గానీ, దాని గుండా కెమెరాకు కరెంటు కూడా వెళ్లాలి కాబట్టి దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. కేబుల్‌కు అంచనా పొడవు మీద కాకుండా, బిగించాక కొలిచిన మీటర్ల మీదే డబ్బు ఇవ్వండి.

కోటేషన్లలో నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది: “ఐపీ67 అండీ, నీళ్లలో వేసినా ఏమీ కాదు.” ఐపీ అంటే దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు. ఇందులో 6 దుమ్ము గురించీ, 7 నీటి గురించీ చెబుతాయి. నీటి అంకె 7 అంటే ఒక మీటరు లోతు నిలకడ నీటిలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. నీటి అంకె 6 అంటే 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో, రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరం నుంచి, నిమిషానికి 100 లీటర్ల ధార కొట్టి పరీక్షించారని అర్థం. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. 7లో నెగ్గింది కదా అని 6లోనూ నెగ్గినట్టు కాదు. రెండింటిలోనూ నెగ్గిన కెమెరా మీద రెండు అంకెలూ రాసి ఉంటాయి. మన దగ్గర ఉండే ప్రెషర్ పంపు ధార ఒత్తిడి 100 నుంచి 150 బార్ వరకు ఉంటుంది. ఆ స్థాయికి దగ్గరైన పరీక్ష ఐపీ69-కె (IP69K) ఒక్కటే. అందులో 80 డిగ్రీల వేడినీటిని 80 నుంచి 100 బార్ ఒత్తిడితో, జానెడు దూరంలోపు నుంచే కొడతారు. అలాంటి కెమెరాలు ఖరీదైనవి. వాటి కోసం డబ్బు పోయమని నేను చెప్పను. గన్ను ధార నేరుగా తగలని చోట, మూడు మీటర్లకు పైన, గన్ను పట్టుకునే మనిషి వెనక వైపు బిగిస్తే ఐపీ66 కెమెరా సరిపోతుంది.

నీరు సాధారణంగా కెమెరాలోకి పోదు, దాని తోకలోకి పోతుంది. మా రెండో బేలో కెమెరా పెట్టిన ఐదో వారానికే ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల చెమ్మ కూడా లేదు. కెమెరా నుంచి వచ్చే జానెడు వైరుకూ, గోడ మీది కేబుల్‌కూ మధ్య జాయింటు మీద నల్ల టేపు చుట్టి వదిలేశారు. టేపు తీయగానే నురగ నీరు బొట్లుబొట్లుగా కారింది, లోపలి రాగి పిన్నుల మీద పచ్చని చిలుము పట్టి ఉంది. అది వారంటీ కిందికి రాదని ఇన్‌స్టాలర్ చెప్పాడు. కాగితం మీద జాయింటు ప్రస్తావనే లేదు కనుక అతనితో వాదించడానికి నా దగ్గర ఆధారం లేకపోయింది. అప్పటినుంచి ప్రతి కెమెరాకూ మూత బిగుతుగా పడే జంక్షన్ బాక్సు, కేబుల్ కింది వైపు నుంచి లోపలికి వెళ్లేలా గ్లాండు (కేబుల్ చుట్టూ బిగుసుకుని నీటిని ఆపే బిరడా), బాక్సులోకి వెళ్లేముందు నీరు జారిపడేలా కేబుల్‌లో ఒక వంపు – ఈ మూడింటినీ కోటేషన్‌లో విడి వరుసలుగా రాయిస్తున్నాను. మొత్తం బిల్లులో ఇవి చాలా చిన్న ఖర్చు.

చెల్లింపు విషయంలో నా పద్ధతి ఇది: సామాను దిగాక 40 శాతం, పరీక్షల్లో నెగ్గాక 50 శాతం, మొదటి రికార్డింగు 30 రోజులు పూర్తయ్యాక మిగిలిన 10 శాతం. పరీక్ష లైవ్‌లో కాకుండా, రికార్డు అయినదాన్ని వెనక్కి తిప్పి చేయాలి. రాత్రి ఎనిమిదింటికి హెడ్‌లైట్లు వేసుకుని వచ్చే కారు నంబరు గేటు కెమెరా రికార్డింగులో చదవగలగాలి. రికార్డర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికి వచ్చి, బిల్లు మీద కెమెరాల సీరియల్ నంబర్లు ఎక్కాకే ఆ 50 శాతం ఇవ్వండి. జీఎస్టీ 18 శాతం పడుతుంది. మీరు సాధారణ పద్ధతిలో రిజిస్టర్ అయి ఉంటే ఆ పన్నును ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి పొందవచ్చు గానీ, డీలర్ ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు, వారికి అది పూర్తిగా ఖర్చే.

వాయిదాల మీద తీసుకునేవారు “ఫ్లాట్ వడ్డీ 12 శాతం” అనే మాట దగ్గర ఆగి లెక్క చూసుకోవాలి. లక్షా ఇరవై వేలకు రెండేళ్ల వడ్డీ 28,800 అవుతుంది, నెలకు 6,200 కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం అప్పు మీదే పడుతుంది కాబట్టి, నిజంగా పడే వడ్డీ రేటు ఏడాదికి సుమారు 21.5 శాతం.

రికార్డింగంతా క్లౌడ్‌లోకే, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలోకే పంపే నెలవారీ పథకం గురించి అడిగినవారు పైన చేసిన 3,888 గిగాబైట్ల లెక్కను ఇక్కడ వాడండి. అపరిమితం అని చెప్పే చాలా ఫైబర్ ప్లాన్లకు నెలకు 3,300 గిగాబైట్ల పరిమితి ఉంటుంది. గేటు, కౌంటర్ కెమెరాల వరకే క్లౌడ్‌కు పంపడం నాకు సమంజసంగా తోస్తుంది.

అభ్యాసం: ముగ్గురు డీలర్ల దగ్గర కోటేషన్లు తీసుకుని, మూడింటినీ ఒకే కాగితం మీద పైన చెప్పిన వరుసల్లోకి తిరగరాయండి, ఎవరు ఏ వరుస రాయలేదో ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, ఆ ధరను ఫోన్‌లో అడిగి నింపండి. గేటు కెమెరాను 4 మెగాబిట్లకు, మిగిలిన ఐదింటినీ 3 మెగాబిట్లకు పెట్టి, 30 రోజులకు ఎంత డిస్కు కావాలో లెక్క కట్టండి. తర్వాత మీ బేలో గన్ను ధార ఎంత ఎత్తు వరకు చేరుతోందో తడి మరక చూసి, గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత ఎత్తు మీటర్లలో ఎంతో, డిస్కు లెక్కతో కలిపి పంపండి. ఆరో పాఠం ఆ గీత దగ్గరే మొదలవుతుంది.