పాత కూలర్ కొంటున్నరా? నీళ్లు పోసి చూసినంకనే పైసలియ్యండి

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు ఎండలు ముదిరినంక పాత కూలర్ల ధర కూడ పెరుగుతది. సంక్రాంతి దాటంగనే చూస్తే అగ్గువకు దొరుకుతయి. ఇనుప బాడీ కూలర్‌లో మోటరు మంచిగుంటే మిగతావన్నీ మార్చుకోవచ్చు, తుక్కు కింద పడేసుడెందుకు?

మొదలు ప్లగ్గు తీసి రెక్కను చేత్తో తిప్పండి. అలకగ తిరగాలె. ఇరుసు పట్టుకొని ఊపితే లొడలొడ ఆడితే బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) అరిగినట్టు. తర్వాత పావుగంట నడిపించండి. గుయ్‌మని మోగుకుంట తిరగక, చేత్తో తోస్తేనే తిరిగితే ఎక్కువసార్లు కెపాసిటరే (మోటరు మొదలు తిరగనీకి ఊపిచ్చే చిన్న డబ్బ) పోయి ఉంటది, అది చిన్న ఖర్చు. కాలిన వాసనొస్తే మాత్రం వదిలెయ్యండి, మోటరు లోపలి తీగ చుట్ట, అంటే వైండింగ్ పోయినట్టే.

తొట్టి కింద పాత పేపర్ పరిచి, సగం దాక నీళ్లు పోసి అర్ధగంట ఆగండి. పేపర్ తడిస్తే అడుగు తుప్పు తిన్నట్టు. పైన కొత్త రంగేసిన కూలర్లయితే ఇది తప్పకుండ చూడాలె. రంగు కింద చిల్లులు కండ్లకు కనపడవు.

మన బోరు నీళ్లకు పంపు మూతిల తెల్లటి పొర గడుతది. లీటరు నీళ్లల్ల రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెడితే వదులుతది. గడ్డి మాత్రం కొత్తదే పెట్టాలె.

షాకు సంగతి తేలికగ తీసుకోకండి, ప్రాణాలు పోతయి. మూడు పిన్నుల ప్లగ్గు విప్పి, ఎర్త్ వైరు ఇటు పెద్ద పిన్నుకు, అటు కూలర్ బాడీకి బిగించి ఉన్నదో లేదో చూడండి. పంపు నడిచేటప్పుడు బాడీకి టెస్టరు పెట్టండి, చెయ్యి పెట్టకండి. నీళ్లు పోసేటప్పుడు ఎప్పుడైనా ప్లగ్గు పీకే పొయ్యాలె.